కారాగారమున కడపటి పాఠము

గురువు అవసానదశలో నున్నప్పుడు శిష్యులు చుట్టును చేరుట లోకసహజము. ఆ సమయమున వారు కోరునవి సాధారణముగా రెండు. గురువు నోట ఒక కడపటి మాట వినవలెననునది మొదటిది. ఆ మాట తమ శోకమునకు ఊరట కావలెననునది రెండవది. శిష్యుని మనస్సులో ఏదైన సందేహమున్నను ఆ ఘడియలో దానిని పైకి తెచ్చుట అపచారమని తలచి అణచుకొనును. పోవుచున్న పెద్దలను ప్రశ్నింపరాదనియు, వారు చెప్పినదానికెల్ల తల యూపి సాగనంపవలెననియు ఇండ్లలోను వాడుక కలదు.

ఈ వాడుకకు భిన్నముగా, తన ప్రాణము పోవుటకు కొన్ని గంటలు మాత్రమే మిగిలియుండగా, తన మాటలో లోపమున్నచో దాచక చూపుడని శిష్యులను బలవంతపెట్టిన గురువు ఒకడుండెను. ఆయన గ్రీసు దేశమునందలి ఏథెన్సు నగరవాసి సోక్రటీసు. క్రీ.పూ. 399వ సంవత్సరమున ఆ నగరపు కారాగారములో ఆయన చెప్పిన కడపటి పాఠము రెండువేల నాలుగువందల సంవత్సరములు గడచినను పాతబడలేదు. గురుభక్తి యనగా నేమి, సత్యభక్తి యనగా నేమి, రెండును ఎదురుపడినప్పుడు శిష్యుడు ఏది చేయవలెనను ప్రశ్నకు ఆ పాఠములో సమాధానమున్నది.

మంత్రసాని కుమారుడు

సోక్రటీసు తండ్రి సోఫ్రోనిస్కసు రాతిపనివాడు. తల్లి ఫెనారెటె మంత్రసాని. ఆయన ధనవంతుడు కాడు. పాఠము చెప్పినందుకు రుసుము పుచ్చుకొనలేదు. గ్రంథమొకటియు వ్రాయలేదు. నగరసైన్యములో కాల్బలముతో కలసి యుద్ధములు చేసెను. మిగిలిన కాలమంతయు అంగళ్ల వీధులలోను, వ్యాయామశాలలలోను కనబడినవారిని ప్రశ్నించుచు గడపెను. ధైర్యమనగా నేమి, న్యాయమనగా నేమి, భక్తి యనగా నేమి యని ఆయన అడుగును. ఎదుటివాడు తనకు తెలియునని చెప్పును. నాలుగు ప్రశ్నలు గడచునప్పటికి తనకు తెలియదని వానికే తేటపడును.

తాను తన తల్లి వృత్తినే చేయుచున్నానని ఆయన చెప్పుకొనెడివాడు. బిడ్డను కనునది తల్లియే గాని మంత్రసాని కాదు. మంత్రసాని పురుడు పోయును. పుట్టిన బిడ్డ బ్రతుకునా, బ్రతుకదా యని పరీక్షించును. అట్లే జ్ఞానము శిష్యుని లోపలనుండి రావలసినదే గాని గురువు పోసి నింపునది కాదని ఆయన అభిప్రాయము. ఈ ఉపమానమును గుర్తుంచుకొన్నచో ఆయన కడపటి దినమున చేసిన ప్రతి పనియు సులభముగా బోధపడును.

ఇట్టి ప్రశ్నలు అందరికిని రుచింపవు. మెలిటసు, అనిటసు, లైకను అను మువ్వురు ఆయనపై అభియోగము తెచ్చిరి. నగరదేవతలను మన్నింపడనియు, క్రొత్త దైవములను ప్రవేశపెట్టుచున్నాడనియు, యువకులను చెడగొట్టుచున్నాడనియు వారి నేరారోపణ. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది సంవత్సరములు. వందలకొలది పౌరులు న్యాయనిర్ణేతలుగా కూర్చుండిన ఆ సభలో ముప్పది ఓట్లు ఇటు మారియున్నచో ఆయన విడుదలయై యుండెడివాడు. అవి మారలేదు. మరణశిక్ష విధింపబడెను.

నౌక తిరిగి వచ్చువరకు

శిక్ష వెంటనే అమలు జరుగలేదు. అపోలో దేవుని క్షేత్రమైన డీలోసు ద్వీపమునకు ఏథెన్సు వారు ఏటేట ఒక నౌకను పంపుదురు. అది పోయి వచ్చువరకు నగరము పవిత్రముగా నుండవలెను గనుక ఎవరికిని మరణదండన జరుపరాదని నియమము. విచారణకు ముందుదినముననే ఆ నౌక అలంకరింపబడెను. ఆ కారణమున సోక్రటీసు ఇంచుమించు ఒక మాసకాలము సంకెళ్లతో కారాగారమున నుండెను. మిత్రులును శిష్యులును ప్రతిదినము ఉదయమున న్యాయస్థానము వద్ద కలసికొని, చెరసాల తలుపు తెరచినంతనే లోనికి పోయి, దినమంతయు ఆయనతో ముచ్చటించెడివారు.

నౌక రానున్నదని తెలిసిన సమయమున క్రిటో అను వృద్ధమిత్రుడు తెల్లవారకముందే చెరసాలకు వచ్చెను. అతడు సోక్రటీసుకు ఈడువాడు, కలిగినవాడు. పారిపోవుటకు ఏర్పాట్లు సిద్ధముగా నున్నవనియు, థెసలీ దేశమున తనకు మిత్రులు కలరనియు, పిల్లలను అనాథలను చేయుట తగదనియు, ధనమునకు వెనుదీసి మిత్రుని చంపుకొన్నారని లోకులు తమను నిందింతురనియు అతడు వేడుకొనెను.

సోక్రటీసు ఆ ప్రేమను తృణీకరింపలేదు. అట్లని ప్రేమకు లొంగనులేదు. లోకులేమందురను మాట అటుంచి, చేయబోవు పని న్యాయమైనదా కాదా యని ఇరువురమును కలసి పరిశీలింతమని కూర్చుండబెట్టెను. అపకారమునకు బదులుగానైనను అపకారము చేయరాదని తాము ఎన్నియో ఏండ్లుగా ఒప్పుకొనుచు వచ్చిన మాట మరణము సమీపించినంతనే అబద్ధమగునా యని ఆయన ప్రశ్న. నగరశాసనములు తనను తల్లిదండ్రులవలె పెంచినవనియు, డెబ్బది ఏండ్లు వానికి లోబడి బ్రతికి నేడు అవి తనకు ప్రతికూలమైనవని త్రోసివేసి పోరాదనియు ఆయన వాదించెను. ఇది యంతయు చెప్పి, ఇంతకంటె మంచి హేతువు నీయొద్ద నున్నచో చెప్పుము, నేను విందును అని క్రిటోకు అవకాశమిచ్చెను. క్రిటోకు చెప్పుటకేమియు లేకపోయెను.

ఇక్కడ గమనింపవలసినదేమన, ఆయన తన ప్రాణమును గూర్చిన నిర్ణయమును సహితము మిత్రుని పరీక్షకు పెట్టెను. నేను నిశ్చయించితిని, ఊరకుండుమని అనలేదు.

కడపటి ఉదయము

నౌక వచ్చినదను వార్త తెలిసిన మరునాడు మిత్రులు మామూలుకంటె ముందుగా చేరిరి. ఆ దినపు వృత్తాంతమును అక్కడనే యున్న ఫీడో అను యువకుడు తరువాత ఎఖిక్రటీసు అనువానికి చెప్పినట్లు ప్లేటో తన గ్రంథమున వ్రాసెను. ఆ గ్రంథమునకు ఫీడో అనియే పేరు. అందు వచ్చు తాత్త్వికవాదములలో పెక్కు ప్లేటోవే గాని సోక్రటీసువి కావని పండితులలో చాలమంది అభిప్రాయము. అయినను గురువు శిష్యులతో మెలగిన తీరు అందు కన్నులకు కట్టినట్లుండును.

వారు లోనికి పోవునప్పటికి అధికారులు సంకెళ్లు తీసివేసియుండిరి. భార్య జాంతిప్పె చిన్నబిడ్డను ఎత్తుకొని ప్రక్కను కూర్చుండియుండెను. మిత్రులు నీతోను, నీవు మిత్రులతోను మాటలాడుట ఇదియే కడసారి గదా యని ఆమె బిగ్గరగా విలపించెను. సోక్రటీసు ఆమెను ఇంటికి చేర్పింపుమని క్రిటోకు చెప్పెను. నేటి పాఠకులకు ఇది కఠినముగా తోచును. ఆ కాలపు ఏథెన్సులో స్త్రీలకు ఇట్టి గోష్ఠులలో చోటులేదు. అయితే సాయంకాలము ఆయన కుమారులు మువ్వురును, ఇంటి స్త్రీలును మరల రాగా, వారితో చాలసేపు మాటలాడి, చెప్పవలసిన ఏర్పాట్లు చెప్పి పంపెను. మరియు, విలపించుచున్న ఆ దినమున జాంతిప్పె తలచినది తన వైధవ్యమును గాక, భర్తకు ప్రియమైన సంభాషణ ఆగిపోవుటను అని గమనించినచో ఆమెను గూర్చి లోకము చెప్పుకొను ఎగతాళి కథలకు విలువ తగ్గును.

సోక్రటీసు మంచముపై కూర్చుండి, సంకెల రాచిన కాలిని నిమురుకొనుచు పాఠము మొదలిడెను. ఇంతవరకు నొప్పియున్న చోటనే ఇప్పుడు సుఖము కలుగుచున్నదనియు, ఈ రెండును ఒకేసారి రాకున్నను ఒకదానిని వెంబడించి రెండవది వచ్చుననియు ఆయన నవ్వుచు చెప్పెను. ఆయనకు బోధ చేయుటకు వేదిక అక్కరలేదు. తన కాలి నొప్పియే చాలును.

అటుపిమ్మట ఆత్మ నశించునా, నిలుచునా యను విచారణ సాగెను. మరికొన్ని గంటలలో చనిపోవువాడు చర్చించుటకు ఇంతకంటె తగిన విషయము లేదు. కాని ఇందొక చిక్కు కలదు. ఆత్మ నిలుచునని గురువు వాదించుచుండగా, ఆ వాదము తప్పని చూపు శిష్యుడు ఆయనకు మిగిలిన ఆధారమును లాగివేసినవాడగును గదా!

ఇద్దరు శిష్యుల సందేహము

సోక్రటీసు వాదము ఒక దరికి వచ్చిన పిదప గదిలో మౌనము నెలకొనెను. ఒక మూలను సిమ్మియాసు, సీబీసు అను ఇద్దరు యువకులు మెల్లగా గుసగుసలాడుకొనుచుండిరి. గురువు అది కనిపెట్టెను. మీకు సందేహమున్నచో చెప్పుడని అడిగెను. ఇద్దరికిని సందేహములున్నవనియు, ఈ కష్టసమయమున అడిగి బాధపెట్టుటకు సంకోచించుచున్నామనియు సిమ్మియాసు ఒప్పుకొనెను.

సోక్రటీసు మెల్లగా నవ్వెను. తాను నేడు వెనుకటికంటె దుఃఖములో నున్నానని శిష్యులే నమ్మునప్పుడు ఇతరులను ఎట్లు నమ్మింపగలనని వాపోయెను. హంస చనిపోవు దినమున మిక్కిలిగా పాడునది దుఃఖము వలన కాదనియు, తన ప్రభువు సన్నిధికి పోవు సంతోషము వలననే యనియు చెప్పి, అధికారులు అనుమతించునంత వరకు ఏది కావలసిన అది అడుగుడని వారికి స్వేచ్ఛ నిచ్చెను.

సిమ్మియాసు వీణవంటి ఒక తంత్రీవాద్యమును ఉదాహరించెను. వాద్యము స్థూలము, దాని స్వరమేళనము సూక్ష్మము, అదృశ్యము, దివ్యము. అయినను కట్టె విరిగి తీగలు తెగినప్పుడు మొదట నశించునది ఆ స్వరమేళనమే. ఆత్మయు శరీరమునకు స్వరమేళనము వంటిదైనచో అదియే ముందు నశింపవలెను గదా యని అతని ఆక్షేపణ.

సీబీసు ఒక ముసలి నేతగానిని ఉదాహరించెను. నేతగాడు తన జీవితములో ఎన్నియో వస్త్రములు నేసి కట్టి చింపును. వస్త్రముకంటె అతడే ఎక్కువ కాలము మన్నును. అయినను అతడు కట్టిన కడపటి వస్త్రము అతడు పోయిన తరువాతను మిగులును. ఆత్మ అనేక శరీరములను ధరించి విడుచునని ఒప్పుకొన్నను, ఏదో ఒక శరీరముతో అదియు అంతమగునేమో! ఆ కడపటి శరీరము ఇదియే కాదని ఎట్లు తెలియును?

ఈ ఆక్షేపణలు బలమైనవి. విన్నవారందరును క్రుంగిపోయిరి. అంతవరకు స్థిరమనుకొన్నది కదలిపోగా, ఇక దేనిని నమ్మవచ్చునను దిగులు వారిని ఆవరించెను. ఫీడో ఈ సందర్భమును చెప్పుచు, సోక్రటీసునందు తనకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది ఆయన సమాధానము కాదనెను. ఆ యువకుల ఆక్షేపణలను ఆయన ఎంత ఆదరముతో స్వీకరించెనో, అవి తక్కినవారి మనస్సులను ఎట్లు గాయపరచెనో ఎంత త్వరగా గుర్తించెనో, ఓడి పారిపోవు సైన్యమును మరలించినట్లు అందరిని ఎట్లు మరలించెనో, అదియే తాను మరువలేనిదని అతడు చెప్పెను.

విచారణను ద్వేషింపరాదు

ఫీడో గురువు మంచము ప్రక్కను తక్కువ పీటపై కూర్చుండియుండెను. సోక్రటీసు అతని తల నిమురుచు, రేపు ఈ అందమైన జుట్టు కత్తిరించుకొందువు గాబోలు అనెను. ఆప్తులు చనిపోయినప్పుడు జుట్టు తీయించుకొనుట అచ్చటి ఆచారము. ఫీడో ఔననెను. సోక్రటీసు కాదనెను. వాదము చచ్చిపోయి దానిని బ్రతికింపలేకపోయినచో రేపటివరకు ఆగనేల, ఈ దినముననే ఇద్దరమును జుట్టు తీయించుకొనవలెనని ఆయన భావము. అనగా ఆ గదిలో శోకింపదగిన మరణము సోక్రటీసుది కాదు. సత్యమును వెదకు ప్రయత్నము ఆగిపోవుటయే నిజమైన మరణము.

పిమ్మట ఆయన ఒక గొప్ప హెచ్చరిక చేసెను. మనుష్యులను ద్వేషించువాడు పుట్టుకతో ద్వేషి కాడు. లోకజ్ఞానము లేక ఒకనిని పూర్తిగా నమ్మును, మోసపోవును. మరియొకనిని నమ్మును; మరల మోసపోవును. తుదకు మనుష్యులలో మంచివాడే లేడని తీర్మానించుకొనును. తప్పు మనుష్యజాతిది కాదు. పరీక్షింపక నమ్మిన తనది. విచారణ విషయమునను ఇట్లే జరుగును. ఒక వాదము సత్యమని గట్టిగా నమ్మినవాడు అది కూలినప్పుడు, మరియొకటి నమ్మి అదియు కూలినప్పుడు, లోకములో సత్యమే లేదనియు, ఆలోచించుటయే వ్యర్థమనియు విసిగిపోవును. ఇంతకంటె పెద్ద కీడు మనుష్యునకు వేరొకటి లేదని ఆయన తలంపు. లోపము తన విచారణశక్తిలో నున్నదని ఎంచి దానిని బాగుచేసికొనవలెనే గాని విచారణనే ద్వేషింపరాదు.

ఆ వెంటనే తన విషయములో ఒక జాగ్రత్త చెప్పెను. తాను చనిపోబోవుచున్నవాడు గనుక ఆత్మ నిత్యమని తేలుట తనకు లాభము. కాబట్టి తాను పక్షపాతముతో వాదించుచుండవచ్చును. శిష్యులు సోక్రటీసును తక్కువగా లెక్కించి సత్యమును ఎక్కువగా లెక్కింపవలెను. తన మాట నిజమని తోచినచో ఒప్పుకొనవలెను. కానిచో శక్తికొలది ఎదిరింపవలెను. అట్లు చేయకున్నచో తన ఉత్సాహము వలన తానును మోసపోయి, వారిని మోసగించి, కుట్టి ముల్లు విడిచిపోవు తేనెటీగవలె తాను పోవునని హెచ్చరించెను.

గురువులెందరో శిష్యుల మనస్సులలో తమ ముల్లు విడిచి పోవుదురు. అది తీయరానిదై, శిష్యుడు జీవితాంతము గురువు మాటనే తిరిగి చెప్పుచుండును. ఆ మాటకు హేతువేమో అతనికి తెలియదు. సోక్రటీసు భయపడినది మరణమునకు కాదు. ఇట్టి శిష్యులను విడిచిపోవుటకు.

విచారణ మరల సాగెను. ఆయన ఇద్దరికిని విపులముగా బదులు చెప్పెను. తుదకు సీబీసు తృప్తిపడెను. సిమ్మియాసు మాత్రము హేతువులను కాదనలేకున్నను, విషయము గొప్పది, మానవుని శక్తి అల్పము గనుక తన మనస్సులో కొంత సంశయము ఇంకను మిగిలియున్నదనెను. సోక్రటీసు కోపగింపలేదు, సంశయము వలదని వేడుకొననులేదు. బాగుగా చెప్పితివనియు, తాము మొదట ఒప్పుకొన్న మూలవిషయములను సహితము ఇంకను పరీక్షింపవలసియున్నదనియు చెప్పెను. పరలోకమును గూర్చి తాను చెప్పిన వర్ణనను గూర్చియు ఇది అక్షరాల ఇట్లే యుండునని పట్టుబట్టుట వివేకి లక్షణము కాదని తానే ఒప్పుకొనెను. మిగిలిన సంశయము శిష్యునకు గురువు ఇచ్చిన పని.

సాయంకాలము

ప్రొద్దు వాలుచుండెను. పిల్లల విషయమై గాని, మరి దేనిని గూర్చి గాని ఆజ్ఞ యేమని క్రిటో అడిగెను. క్రొత్తది ఏదియు లేదు, ఎప్పుడును చెప్పుచున్నదే. మిమ్ములను మీరు చక్కగా చూచుకొనుడు, అదియే నాకును నా వారికిని మీరు చేయు సేవ యని ఆయన బదులు చెప్పెను. ఎట్లు పాతిపెట్టవలెనని క్రిటో మరల అడుగగా, నేను మీకు చిక్కినచో మీ యిష్టము వచ్చినట్లు చేయుడని నవ్వెను. దినమంతయు విన్నను క్రిటో శవమునే సోక్రటీసు అనుకొనుచున్నాడని ఆయన పరిహాసము.

తరువాత ఆయన స్నానము చేసెను. తాను పోయిన పిదప స్త్రీలకు శవమును కడుగు శ్రమ యుండరాదని ముందుగానే చేసెను. విషము త్రాగవలసిన సమయమైనదని తెలుపుటకు వచ్చిన చెరసాల సేవకుడు, ఇంత ఉదారుడును శాంతుడునగు మనుష్యుడు ఇచ్చటికి ఎన్నడును రాలేదని చెప్పి కన్నీరు విడుచుచు మరలిపోయెను. ఆ మాసమంతయు అతడు వచ్చి తనతో మాటలాడుచుండెడివాడని సోక్రటీసు అతనిని మెచ్చుకొనెను. ఎండ ఇంకను కొండలపై నున్నదనియు, తొందర లేదనియు క్రిటో అనగా, కొంచెము ఆలస్యముగా త్రాగుట వలన తనకు తన దృష్టిలో నవ్వులపాలగుట తప్ప లాభము లేదని ఆయన పాత్ర తెప్పించుకొనెను.

ఆ విషము హెమ్లాక్ అను మొక్క రసము. అది కాళ్లనుండి పైకి అవయవములను స్తంభింపజేయును. కాని మనస్సు తుదివరకు తెలివిగా నుండును. ఆయన దేవతలను ప్రార్థించి, చేయి వణకక, తొణకక త్రాగెను. అంతవరకు ఓర్చుకొన్నవారు ఇక ఓర్వలేక ఏడ్చిరి. తన కన్నీరు సోక్రటీసు కొరకు కాదనియు, అట్టి మిత్రుని కోల్పోవు తన దౌర్భాగ్యము కొరకనియు ఫీడో ఒప్పుకొనెను. సోక్రటీసు వారిని మందలించి ధైర్యము చెప్పెను. కొంతసేపు నడచి, కాళ్లు బరువెక్కగా వెల్లకిల పండుకొనెను. చల్లదనము నడుమువరకు వచ్చినప్పుడు ముఖముపై కప్పిన వస్త్రమును తొలగించి, వైద్యదేవతయగు అస్క్లేపియసుకు ఒక కోడిపుంజు బాకీయున్నదనియు, మరువక చెల్లింపవలెననియు క్రిటోకు చెప్పెను. అదియే ఆయన కడపటి మాట.

ఆ మాటకు వ్యాఖ్యానములు పెక్కు కలవు. దేహమను వ్యాధి నయమైనందుకు కృతజ్ఞతయని కొందరందురు. నిజముగానే తీరని మ్రొక్కు ఒకటి యుండెనని మరికొందరందురు. ఏది యెట్లున్నను సామాన్యగృహస్థు గ్రహింపదగినది స్పష్టముగానే యున్నది. మహావాక్యమేదైన పలుకునని లోకము ఎదురుచూచు ఘడియలో ఆ మహనీయుడు ఒక చిన్న ఋణమును తలచెను. తీర్చువారిని నియమించి కన్నుమూసెను.

శిష్యులు ఏమి నేర్చిరి?

గురువు నేర్పిన పాఠము శిష్యుని తరువాతి జీవితమునందే పరీక్షకు వచ్చును. ఆ గదిలో నున్నవారు గురువు పేర ఒక్క సిద్ధాంతమును కట్టి కాపాడుచు కూర్చుండలేదు. ఫీడో తన స్వస్థలమైన ఎలిస్‌లో పాఠశాల స్థాపించెను. యూక్లిడీసు మెగారాలో స్థాపించెను. ఇతడు క్షేత్రగణితము వ్రాసిన యూక్లిడు కాడు. అంటిస్థినీసు వైరాగ్యమార్గమును బోధించెను. వారి సిద్ధాంతములు ఒకదానితో నొకటి ఏకీభవింపవు. అయినను అందరును సోక్రటీసు శిష్యులే.

ప్లేటో ఆ దినమున అక్కడ లేడు. అస్వస్థుడై రాలేదని తన గ్రంథములోనే వ్రాసికొనెను. 1787లో ఫ్రెంచి చిత్రకారుడు దావీదు చిత్రించిన ప్రసిద్ధచిత్రములో మంచము కాళ్లవద్ద తల వాల్చి కూర్చున్న వృద్ధుడు ప్లేటోయే. వాస్తవమునకు అప్పుడతడు ముప్పది యేండ్లు నిండని యువకుడు. గురువు కడపటి ఘడియకు అందని ఆ శిష్యుడే జీవితమంతయు గురువును గూర్చి వ్రాసెను, క్రీ.పూ. 387 ప్రాంతమున అకాడమీ యను విద్యాస్థానమును నెలకొల్పెను. పార్మెనిడీసు అను గ్రంథమున తన సిద్ధాంతముపై తానే తీవ్రమైన ఆక్షేపణలు చేసికొనెను. ఆ అకాడమీలో ఇరువది యేండ్లు చదివిన అరిస్టాటిలు ప్లేటో సిద్ధాంతములలో ముఖ్యమైనదానిని ఖండించెను. తేనెటీగ ముల్లు విడువకుండ పోయినదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

గృహములకును మఠములకును

సోక్రటీసువంటి ప్రశాంతమరణము అందరికిని లభింపదు. వ్యాధిబాధ మనుష్యుని తెలివిని కప్పివేయును, మాట పడిపోవును. కనుక ఆయన ధైర్యమును చూచి, బాధతో మూలుగు వృద్ధులను తక్కువగా ఎంచుట తప్పు. అనుకరింపవలసినది ఆ దినపు గాంభీర్యమును కాదు. ఆ దినమునకును అంతకుముందటి దినములకును భేదము లేకపోవుటను. ఆయన నలుబది యేండ్లు వీధిలో చేసినదే కడపటి దినమున చెరసాలలో చేసెను. బ్రతికియున్నప్పుడు ప్రశ్నను సహింపని గురువు మరణకాలమున సహింపడు. నిత్యము అడుగుట నేర్వని శిష్యుడు ఆనాడు అడుగలేడు.

పాఠము చెప్పువారు గ్రహింపవలసినది ఒకటి కలదు. శిష్యుడు గుసగుసలాడుచున్నప్పుడు అది ధిక్కారమని ఎంచక, సందేహమై యుండునేమోయని విచారింపవలెను. అడిగినవానిని గద్దించినచో తక్కినవారు అడుగుట మానుదురు. సందేహము మాత్రము మానదు. శిష్యులు గ్రహింపవలసినదియు కలదు. గురువు పోయిన తరువాత ఆయన పాదుకలను పూజించుట సులభము. ఆయన మొదలిడిన విచారణను కొనసాగించుట కష్టము. వినయము లేని ప్రశ్న గర్వమగును; ప్రశ్న లేని వినయము సోమరితనమగును. సిమ్మియాసునందు రెండును కలసియుండెను గనుకనే ఆయన సంశయమును గురువు మన్నించెను.

ఇంటిలో పెద్దలు మంచము పట్టినప్పుడు చుట్టుప్రక్కలవారు వైద్యుడు చెప్పినది దాచి, రేపే లేచి తిరుగుదురని పలుకుదురు. అది ప్రేమయే. కాని ఆ పెద్దకు చెప్పుకొనవలసిన బాకీ యుండవచ్చును, దిద్దుకొనవలసిన తప్పు యుండవచ్చును, ఎన్నడును అడుగని ఒక ప్రశ్నను కుమారుడు అడిగిన బాగుండునను కోరిక యుండవచ్చును. బుజ్జగింపు మాటలతో ఆ తలుపు మూసివేసినచో మరల తెరచుట ఎవరి తరమును కాదు. ఓపిక యున్నంతవరకు వారు చెప్పునది వినుట, వారు ఇష్టపడునంతవరకు నిజము పలుకుట, వారు అప్పగించిన చిన్నపనిని మరువక చేయుట, ఇవియే క్రిటో చేసిన సేవలు. క్రిటోకు తాత్త్వికవాదములు అంతగా పట్టుబడలేదు. అయినను గురువు నోరును కన్నులను మూసినది అతని చేయి. కోడిపుంజు బాకీ అప్పగింపబడినదియు అతనికే.

మననమునకు ప్రశ్నలు

1. సోక్రటీసు తనను మంత్రసానితో పోల్చుకొనుటలోని భావమేమి? ఆ దృష్టితో నేటి పాఠశాలలలోని బోధనను పరిశీలింపుడు.

2. నమ్మిన మాట ఒకటి తప్పని తేలినప్పుడు ఆలోచించుటనే మానివేయువారిని ఎచ్చటనైన చూచితిరా? వారికి ఏమి చెప్పవచ్చును?

3. సిమ్మియాసు సంశయము మిగిలియున్నను గురువు అతనిని మెచ్చుకొనెను. అట్లు మెచ్చుకొనుట వలన శిష్యునకు కలుగు బాధ్యత యేమి?

4. ఇంటిలోని పెద్దలను అడుగవలెనని అనుకొని అడుగక వాయిదా వేయుచున్న ప్రశ్న యేదైన ఉన్నదా? దానిని ఈ దినముననే అడుగుటకు అడ్డమేమి?